పంపకాల్లో పాత పోర్షే

అమెరికాలో 1998లో అమ్ముడైన పోర్షే 911కీ, మరుసటి ఏడాది మోడల్‌గా వచ్చిన 911కీ షోరూమ్ ధరలో పెద్ద తేడా లేదు. పేరు ఒకటే, ఇంజను వెనక భాగంలో ఉండడమూ ఒకటే. మొదటిది కార్ల ప్రియులు 993 అని పిలిచే రకం. గాలితో చల్లబడే ఇంజను ఉన్న చివరి 911 అదే. రెండోది 996, నీళ్లతో చల్లబడే ఇంజనుతో వచ్చిన మొదటి 911. ఇవాళ ఈ రెండింటినీ ఒకే స్థితిలో కాలిఫోర్నియాలో అమ్మకానికి పెడితే, ఏడాది పాతదానికి కొత్తదాని కంటే కొన్ని రెట్లు ఎక్కువ ధర పలుకుతుంది. కారణాలు బయటికి కనిపించవు. గాలితో చల్లబడే ఇంజను మళ్లీ రాదన్న మమకారం ఒకటి. 996 మామూలు రకాల ఇంజన్లలో ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగు అరిగి పగిలితే ఇంజను మొత్తం పోతుందన్న భయం ఇంకొకటి. ఆ బేరింగు మీద వేసిన క్లాస్ యాక్షన్ దావా 2013లో రాజీతో ముగిసింది. కానీ అదే 996 తరంలో టర్బో, జీటీ3 రకాలకు వేరే ఇంజను ఉంది, ఆ బేరింగు గొడవ వాటికి లేదు, వాటి ధర దారి వేరు. వీటిలో ఏ ఒక్కటీ ఆ కారు పుట్టిన సంవత్సరం చూస్తే తెలిసేది కాదు.

విడాకుల సమయంలో ఇలాంటి కారు ఇంట్లో ఉంటే దాన్ని ఎలా లెక్కకట్టాలన్నది ఈ వ్యాసం విషయం. ఇల్లు, బ్యాంకు నిల్వ, 401కే రిటైర్మెంట్ ఖాతా, కంపెనీ షేర్లు వీటన్నిటి మీదా లాయర్లు గంటల తరబడి కూర్చుంటారు. గరాజులో గుడ్డ కప్పి ఉన్న పాత కారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఫోన్‌లో ఒక అంకె చూసి, కాగితం మీద రాసి, ముందుకు వెళ్లిపోతారు. నా వాదన ఇది: పాత స్పోర్ట్స్ కారుకు ‘ఆ రకం కారు’ ధర అంటూ ఉండదు, ఆ ఒక్క కారు ధరే ఉంటుంది. ఆ ధరను ఒక నిర్ణీత తేదీన, ఇద్దరూ చూసిన ఆధారాలతో తేల్చాలి. అడ్డదారిలో దొరికే ఏ అంకె అయినా దాదాపు ప్రతిసారీ కారు గురించి ఎక్కువ తెలిసిన మనిషికే లాభం చేస్తుంది, ఎందుకంటే ఏ అంకెను పట్టుకోవాలో ఎంచుకునేది ఆ మనిషే.

ముందుగా చట్టం. అమెరికాలో 9 రాష్ట్రాల్లో పెళ్లయ్యాక సంపాదించిన ఆస్తి భార్యాభర్తలిద్దరిదీ అన్న పద్ధతి, అంటే కమ్యూనిటీ ప్రాపర్టీ, అమల్లో ఉంది. తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడిన కాలిఫోర్నియా, టెక్సస్, వాషింగ్టన్, అరిజోనా ఆ జాబితాలోవే. న్యూయార్క్, న్యూజెర్సీ లాంటి చోట్ల కోర్టు పరిస్థితులన్నీ చూసి ఏది న్యాయమనిపిస్తే అలా పంచుతుంది. టెక్సస్‌లో కూడా సరిసమానంగానే పంచాలన్న నియమం లేదు. కాలిఫోర్నియా మాత్రం నిక్కచ్చి: ఇద్దరూ వేరే ఒప్పందానికి రాకపోతే ఉమ్మడి ఆస్తిని సగం సగం చేయాల్సిందే. అందుకే కారు ధర అక్కడ నేరుగా డబ్బులోకి మారుతుంది. కారు భర్త ఉంచుకుంటున్నాడనుకుందాం. దాని విలువ 50,000 డాలర్లని రాస్తే భార్యకు 25,000 చెల్లు పెట్టాలి. నిజంగా అది 80,000 పలికే కారైతే ఆమెకు 40,000 రావాలి. ఒక అంకె తప్పు రాసినందుకు 15,000 డాలర్లు చేతులు మారిపోయాయి. ఇంటి విలువలో ఆ మాత్రం తేడా వస్తే ఎవరూ ఊరుకోరు.

ఇండియాలో పెరిగిన మనకు ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. కారు అంటే షోరూమ్ దాటిన నిమిషం నుంచీ ధర పడిపోయే వస్తువన్న నమ్మకం మనలో బలంగా ఉంది. మన మోటారు బీమా లెక్కే అలా నడుస్తుంది: ఐడీవీ, అంటే బీమాకు ప్రకటించే విలువ, పట్టిక ప్రకారం మొదటి 6 నెలల్లో 5 శాతం, ఏడాది నిండేసరికి 15 శాతం, అలా 5 ఏళ్లు వచ్చేసరికి 50 శాతం కోసేస్తారు. 5 ఏళ్లు దాటాక పట్టిక ఉండదు, కంపెనీ, యజమాని మాట్లాడుకుని అంకె వేసుకోవాలి. 15 ఏళ్లు నిండితే మళ్లీ రిజిస్ట్రేషన్, ఫిట్‌నెస్ అంటూ తిరగాలి. మారుతీకో హ్యుందాయ్‌కో ఈ లెక్క సరిపోతుంది. అలవాటైన ఆ కళ్లతోనే కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లోనో టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనో 25 ఏళ్ల పాత కారును చూస్తే, అది వెయ్యి డాలర్ల తుక్కని నమ్మడం తేలిక. పెళ్లయి అమెరికా వెళ్లిన మనిషికి ఆ కారు చరిత్ర తెలియదు, దాని కాగితాలు ఎక్కడున్నాయో తెలియదు, ఆ కార్ల సంఘాల్లో ఎవరూ తెలియదు. అవతలి మనిషికి ఇవన్నీ కంఠతా వచ్చు. ధర నిర్ణయంలో అసలైన అసమానత ఇదే. (ఇండియాలో విడాకులైతే సంగతి వేరు. గోవాను పక్కన పెడితే మనకు ఉమ్మడి ఆస్తి పద్ధతి లేదు. కారు ఎవరిదైతే వాళ్లదే. అయినా భరణం కేసుల్లో ఇద్దరూ తమ ఆస్తిపాస్తులను ప్రమాణపత్రంలో చూపాలని సుప్రీంకోర్టు 2020 నవంబరులో రజనీష్, నేహా కేసులో చెప్పింది కనుక, విలువ ప్రశ్న అక్కడా పూర్తిగా తప్పదు.)

కోర్టు అడిగే విలువ ఏమిటి? కొనాలన్న బలవంతం లేని కొనుగోలుదారు, అమ్మాలన్న బలవంతం లేని అమ్మకందారు, ఇద్దరికీ కారు గురించి తెలియాల్సినవి తెలిసి, బహిరంగ విపణిలో కుదుర్చుకునే ధర. ఈ నిర్వచనం అమెరికా పన్ను నిబంధనల్లోనూ ఇంచుమించు ఇలాగే ఉంటుంది. చెప్పడానికి తేలిక. ఆచరణలో మాత్రం ఒకే కారుకు నాలుగైదు ధరలు ఎదురవుతాయి, ఒక్కొక్కటీ ఒక్కో ప్రశ్నకు జవాబు. లాస్ ఏంజెలెస్ కార్ల వ్యాపారి లెస్ కెల్లీ 1926లో మొదలుపెట్టిన కెల్లీ బ్లూ బుక్ ఇప్పటికీ అందరూ మొదట చూసేది. అందులో డీలరుకు మార్పిడిగా ఇస్తే వచ్చే ధర, ఒక వ్యక్తి మరో వ్యక్తికి అమ్మే ధర, డీలరు దగ్గర కొనే ధర వేర్వేరుగా ఉంటాయి. మార్పిడి ధర అన్నిటికంటే తక్కువ, ఎందుకంటే అందులోంచి డీలరు లాభం మిగుల్చుకోవాలి. కారు ఉంచుకోవాలనుకునే మనిషి చేయి సహజంగా ఆ అంకె మీదే పడుతుంది. భార్యాభర్తల్లో ఎవరూ డీలరు కారు కనుక వ్యక్తి నుంచి వ్యక్తికి జరిగే అమ్మకం ధరే న్యాయమైన పోలిక. అది కూడా ఆరేళ్ల టయోటా కామ్రీ లాంటి మామూలు కారుకే. వేల సంఖ్యలో ఒకే రకం కార్లు చేతులు మారినప్పుడు ఆ సగటుకు అర్థం ఉంటుంది. ఏడాదికి కొద్ది సంఖ్యలో మాత్రమే అమ్ముడయ్యే కారుకు సగటు తీయడానికే సరుకు ఉండదు.

పాత, అపురూపమైన కార్లకు వేరే పట్టికలు ఉన్నాయి. మిషిగన్‌లోని ట్రావర్స్ సిటీ కేంద్రంగా పనిచేసే హేగర్టీ అనే బీమా సంస్థ ఇచ్చే పట్టిక వాటిలో బాగా తెలిసినది. అది కారు స్థితిని నాలుగు తరగతులుగా విడదీస్తుంది. ఒకటో తరగతి అంటే ప్రదర్శనల్లో బహుమతులు కొట్టే కారు. రెండోది దాదాపు లోపం కనిపించనిది. మూడోది బాగా నడుస్తూ, దగ్గరికి వెళ్తే వయసు తెలిసేది. నాలుగోది నడుస్తుంది గాని లోపాలు పైకే కనిపిస్తాయి. ఒకే కారుకు రెండో తరగతి ధరకూ నాలుగో తరగతి ధరకూ మధ్య రెండింతల తేడా ఉండడం మామూలే. కనుక అసలు తగవు పట్టిక మీద కాదు, ఏ వరసలో వేలు పెట్టాలన్న దాని మీద. ఎంతో ముద్దుగా చూసుకునే యజమాని తన కారును రెండో తరగతి అనుకుంటాడు. పరీక్షిస్తే అది మూడోదని తేలుతుంది. విడాకులు వచ్చాక అదే యజమాని దాన్ని నాలుగో తరగతికి దింపేస్తాడు. కారు మారలేదు.

ఇక బీమా పత్రం. పాత కార్లకు చేసే బీమాలో చాలావరకు ‘ఒప్పుకున్న విలువ’ అని ముందే రాసుకుంటారు. కారు పోతే కంపెనీ ఆ మొత్తం ఇస్తుంది. ఆ అంకె విపణి ధర కాదు. అలాంటి కారును మళ్లీ వెతికి కొనుక్కోవడానికి ఎంతవుతుందో చూసుకుని యజమాని కొంచెం పైకే రాయిస్తాడు. దాన్నే విలువగా పట్టుకుని సగం అడగడం సరికాదు. అయితే దాన్ని చెత్తబుట్టలో వేయడమూ సరికాదు. కాలిఫోర్నియాలో విడాకుల కేసు నడిపేవాళ్లు ఎఫ్‌ఎల్-142 అనే ఆస్తుల, అప్పుల పట్టిక నింపుతారు. అందులో వాహనాలకు ఒక వరస ఉంది, కొన్న తేదీకి ఒక గడి, ప్రస్తుత విపణి విలువకు ఒక గడి, దాని మీద ఉన్న అప్పుకు ఒక గడి. అబద్ధమైతే శిక్షార్హుణ్నని ప్రమాణం చేసి కింద సంతకం పెట్టాలి. మార్చిలో బీమా కంపెనీకి 70,000 అని రాయించి, జూన్‌లో ఈ గడిలో 35,000 అని రాస్తే, ఆ రెండు అంకెల మధ్య ఉన్న దూరానికి జవాబు చెప్పాల్సింది ఆ సంతకం పెట్టిన మనిషే. కారు సంగతి ఏమీ తెలియని భార్య గానీ భర్త గానీ మొట్టమొదట అడగాల్సిన కాగితం బీమా పత్రమని నేననేది ఇందుకే.

అమ్మకం ధరల్లోనూ నిజమైనవీ, గాలివీ ఉన్నాయి. ఎవరో 95,000 అడుగుతున్నారని ప్రకటన చూపించడం ఆధారం కాదు. అడిగే ధర ఒక ఆశ. అమ్ముడుపోయిన ధర ఒక సంఘటన. 2007లో మొదలై 2020లో హర్స్ట్ సంస్థ చేతికి వెళ్లిన బ్రింగ్ ఎ ట్రైలర్ లాంటి ఆన్‌లైన్ వేలాలు ఇక్కడ పెద్ద మేలు చేశాయి. ప్రతి కారుకూ పదుల కొద్దీ ఫొటోలు, కారు అడుగు భాగంతో సహా, మరమ్మతు కాగితాలు, చివరికి ఎంతకు పోయిందన్న అంకె అందరికీ కనిపించేలా ఉండిపోతాయి. ఒకప్పుడు ఈ సమాచారం డీలర్ల మధ్యే తిరిగేది. ఇవాళ ఫోను ఉన్న ఎవరైనా అదే మోడల్, దగ్గర దగ్గర మైళ్లు, అదే గేర్‌బాక్సు ఉన్న నాలుగైదు అమ్మకాలు ఏరి పక్కపక్కన పెట్టుకోవచ్చు. కనీస ధర అందక అమ్ముడుపోని వేలం కూడా ఉపయోగమే. అంత ఇవ్వడానికి ఒకరు సిద్ధపడ్డారని అది చెబుతుంది. చేయకూడనిది, ఉన్నవాటిలో అన్నిటికంటే ఎక్కువ పలికిన ఒక్కదాన్ని పట్టుకోవడం. ఒక హాలీవుడ్ సినిమాలో నటుడు పాల్ వాకర్ నడిపిన నారింజ రంగు టయోటా సుప్రా 2021లో 5,50,000 డాలర్లకు పోయింది. గరాజులో ఉన్న ఇంకో 1994 సుప్రాకు దాంతో ఏ సంబంధమూ లేదు.

పోల్చడానికి కార్లు దొరికాక మన కారును దగ్గరగా చూడాలి. ఈ పని ఎంత శ్రద్ధగా చేస్తే తగవు అంత చిన్నదవుతుంది. అంచనా వేసేవాడు ముందు రంగు మందం కొలిచే చిన్న పరికరాన్ని ఒక్కో రేకు మీద ఆనిస్తాడు. ఫ్యాక్టరీలో వేసిన రంగు దాదాపు 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. అన్ని రేకుల మీదా అంతే చూపించి, ఎడమ తలుపు మీద 300 చూపిస్తే ఆ తలుపుకు మళ్లీ రంగు వేశారు. ఇంకా ఎక్కువ చూపిస్తే కింద పుట్టీ ఉంది, ఎప్పుడో గుద్దుకుంది. తర్వాత టైరు పక్కన చెక్కిన నాలుగంకెలు. 2308 అని ఉంటే ఆ టైరు 2008లో 23వ వారంలో తయారైంది. గీతలు కొత్తగా ఉన్నా ఆ రబ్బరుతో రోడ్డెక్కడం ప్రమాదం, నాలుగూ మార్చాలి, ఆ ఖర్చు ధరలోంచి తీసేయాలి. ఇంజను మీద కొట్టిన నంబరు ఈ కారుతో పుట్టిన ఇంజనుదేనా అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. పాత కార్వెట్లలో, పోర్షేల్లో ఇంజను మారిందంటే ధరలో పెద్ద కోత పడుతుంది. సిలిండర్లలోకి గాలి ఎక్కించి ఎంత కారుతోందో చూసే పరీక్ష ఇంజను ఆరోగ్యాన్ని చెబుతుంది. ఫెరారీ ఎఫ్355 లాంటి కారులో టైమింగ్ బెల్టు మార్చాలంటే ఇంజనునే కిందికి దించాలి. ఆ పని కిందటి ఏడాది చేయించారా, పదేళ్లుగా చేయించలేదా అన్న ఒక్క విషయమే వేల డాలర్ల తేడా తెస్తుంది.

మైళ్ల లెక్క మరో తిరకాసు. అమెరికాలో 2010, అంతకు ముందు మోడల్ కార్లను అమ్మేటప్పుడు మీటరు రీడింగు ధ్రువీకరించి ఇవ్వాలన్న ఫెడరల్ నియమం వర్తించదు. కాబట్టి డాష్‌బోర్డు మీద 48,000 అని కనిపిస్తే సరిపోదు, దాన్ని నిరూపించే కాగితాలు కావాలి. ఆయిల్ మార్చిన రసీదులు, సర్వీసు పుస్తకంలో ముద్రలు, పొగ పరీక్ష పత్రాలు. కాలిఫోర్నియాలో 1976, ఆ తర్వాతి పెట్రోలు కార్లకు పొగ పరీక్ష ఉంటుంది. యజమాని శక్తి పెంచాలని బిగించిన విడిభాగాల వల్ల కారు ఆ పరీక్షలో నెగ్గకపోతే, ఎంత అందంగా ఉన్నా ఆ రాష్ట్రంలో కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారు. రసీదుల ఫైలు ఉన్న కారూ, లేని కారూ ఒకటి కావు. అందుకే ఆ ఫైలు ఇద్దరి చేతికీ రావాలి. మరమ్మతులు బాగా చేయించిన రసీదులను దాచి ‘కారు పరిస్థితి బాగాలేదు’ అనడం ఆస్తిని దాచడం కిందికే వస్తుంది. కాలిఫోర్నియా చట్టం భార్యాభర్తలను ఒకరి నమ్మకానికి మరొకరు బాధ్యులుగా చూస్తుంది, ఆ బాధ్యత విడిపోయిన రోజున ఆగిపోదు, పంపకాలు పూర్తయ్యేదాకా ఉంటుంది. లాటరీలో గెలిచిన 13 లక్షల డాలర్ల సంగతి భర్తకు చెప్పకుండా విడాకులకు వెళ్లిన ఒక భార్య కేసులో, ఆ గెలుపు మొత్తాన్నీ భర్తకే ఇచ్చిన ఉత్తర్వును అక్కడి అప్పీలు కోర్టు 2001లో సమర్థించింది. దాచితే సగం కాదు, మొత్తం పోవచ్చు.

తేదీ సంగతీ తేల్చుకోవాలి. విడాకులు ఏళ్ల తరబడి నడుస్తాయి, ఈలోగా ధరలు కదులుతాయి. గాలితో చల్లబడే 911లు 2010 తర్వాత కొన్నేళ్లలోనే విపరీతంగా పెరిగాయి. కొవిడ్ కాలంలో 2020 నుంచి 2022 దాకా పాత కార్లన్నీ ఎగిసి, ఆ తర్వాత మెత్తబడ్డాయి. కాలిఫోర్నియా ఫ్యామిలీ కోడ్ 2552వ సెక్షన్ ప్రకారం ఆస్తి విలువను విచారణకు వీలైనంత దగ్గర తేదీకి కట్టాలి. తగిన కారణం చూపి ముందే నోటీసు ఇస్తే విడిపోయిన తర్వాతి మరో తేదీని కోర్టు ఒప్పుకోవచ్చు. విడిపోయిన రోజు ధరే చివరి ధరని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. విపణి తనంతట తాను పెరిగితే ఆ పెరుగుదల ఇద్దరిదీ, తగ్గితే ఆ నష్టమూ ఇద్దరిదీ. అయితే విడిపోయాక ఒకరు ఆ కారును రేసు ట్రాకుల మీద తిప్పి అరగదీసినా, గుద్దినా అది విపణి చేసిన నష్టం కాదు, దాని లెక్క వేరుగా అడగాలి. ఇంతకీ కారు ఉమ్మడిదేనా అన్నది అన్నిటికంటే ముందు తేలాలి. పెళ్లికి ముందు కొన్నదైతే కొన్నవాళ్ల సొంతం, దాని మీద ఉమ్మడి డబ్బు పోసి ఉంటే ఆ మేరకు మాట్లాడొచ్చు. ‘పుట్టినరోజు కానుకగా ఇచ్చింది, కనుక నాదే’ అన్న మాట నిలబడటం కష్టం. నగలు, బట్టల వంటి వ్యక్తిగత వస్తువులకు చట్టంలో ఉన్న మినహాయింపు కారుకు వర్తించదని 2009లో ఒక పోర్షే గురించి వచ్చిన తీర్పులోనే అప్పీలు కోర్టు చెప్పింది. రాతపూర్వకమైన ప్రకటన ఉండాలి.

ఇంత తతంగం ఒక కారు కోసమా అన్నది మొదటి అభ్యంతరం. న్యాయమైన అభ్యంతరమే. ఊళ్లో ఎక్కడ చూసినా కనిపించే 1990ల మాజ్డా మియాటా, అదీ రంగు వెలిసినదైతే, అంచనా ఖర్చుతో పాటు ఇద్దరు లాయర్ల గంటలు కలిపితే తగవు విలువను మించిపోవచ్చు. అలాంటి కారుకు మూడు అమ్మకాలు చూసి మధ్య అంకె దగ్గర ఇద్దరూ చేతులు కలపడం మంచిది. కానీ అది ఏ రకం కారో ముందు తెలియాలి. బయటి మనిషి కంటికి 996 మామూలు రకమూ, 996 జీటీ3 రకమూ ఒకేలా ఉంటాయి. ఇద్దరూ కలిసి ఒకే అంచనాదారును పెట్టుకుంటే ఖర్చు సాధారణంగా కొన్ని వందల డాలర్లతో పోతుంది. ఎవరి మనిషిని వాళ్లు పెట్టుకుంటే రెండు నివేదికలు, రెండు అంకెలు, ఆపైన ఎవరిది నిజమో తేల్చే విచారణ. ఒప్పందం కుదరకపోతే తానే నిపుణుణ్ని నియమించే అధికారం కోర్టుకు ఉంది. ఇళ్ల విలువ కట్టేవాళ్లకు ఉన్నట్టు కార్లు అంచనా వేసేవాళ్లకు రాష్ట్ర లైసెన్సు ఉండదు కనుక, ఆ మోడల్ తెలిసినవాడా, కారును స్వయంగా చూస్తాడా, ఏ అమ్మకాలతో పోల్చాడో నివేదికలో రాస్తాడా అని ముందే అడగాలి. కట్టిన విలువలో శాతం ఫీజుగా తీసుకునేవాణ్ని దగ్గరికి రానివ్వకూడదు. కారు కొనే ఉద్దేశం ఉన్న డీలరు చెప్పే ధర అంచనా కాదు, బేరం.

అమ్మేసి డబ్బు పంచుకుంటే పోలేదా అన్నది రెండో అభ్యంతరం. కొన్నిసార్లు అదే సరైన దారి, ఇద్దరికీ కారు అక్కర్లేనప్పుడు ముఖ్యంగా. కానీ విడాకుల మధ్య జరిగే అమ్మకం తొందర అమ్మకం. చలికాలంలో కన్వర్టబుల్ అమ్మితే వచ్చే ధర, ఏప్రిల్‌లో అమ్మితే వచ్చే ధర ఒకటి కాదు. వేలం ఖర్చులు, రవాణా ఉంటాయి. కేసు సమన్లు అందాక ఒకరి అంగీకారం గానీ కోర్టు అనుమతి గానీ లేకుండా మరొకరు కారు అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి, దాని బీమా రద్దు చేయడానికి కాలిఫోర్నియాలో వీల్లేదు కనుక, అమ్మకానికీ ఒప్పందం కావాలి. పన్ను కూడా ఉంది. 30,000కు కొన్న కారు 80,000కు పోతే ఆ లాభం మీద పన్ను పడుతుంది. నష్టానికి అమ్మితే మాత్రం సొంతానికి వాడుకున్న కారు కనుక ఆ నష్టాన్ని చూపించుకోలేరు. విడాకుల్లో భాగంగా ఒకరి వాటా మరొకరికి బదిలీ అయినప్పుడు అప్పటికప్పుడు పన్ను ఉండదు, కానీ కారు తీసుకున్న మనిషి మీదకు ఆ 30,000 పాత ధరే వచ్చి కూర్చుంటుంది. రేపు అమ్మితే మొత్తం పన్ను ఆ ఒక్కరే కట్టాలి. ఎప్పుడో అమ్మితే పడే పన్నును కోర్టు సాధారణంగా లెక్కలోకి తీసుకోదు. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటే తీసుకోవచ్చు, తీసుకోవాలనే నా అభిప్రాయం.

అన్నిటికంటే నొప్పితో వచ్చే అభ్యంతరం మూడోది. ‘నేను పదేళ్లు ప్రతి ఆదివారం దాని కింద పడుకుని పనిచేశాను. 60,000 ఖర్చు పెట్టాను. ఇప్పుడు సగం ఎలా ఇవ్వను?’ ఈ బాధ అబద్ధం కాదు. చేతులారా కట్టుకున్న వస్తువు మీద మనిషికి ఉండే హక్కు భావన చట్టం కంటే పాతది. కానీ రెండు విషయాలు చూడాలి. ఖర్చు విలువ కాదు. పూర్తిగా విప్పి కొత్తగా చేయించిన కార్లలో చాలావాటికి పెట్టిన ఖర్చు తిరిగి రాదు. అంటే రసీదుల మొత్తాన్ని విలువగా అడగడం ఉంచుకునే మనిషికే నష్టం. రెండోది, పెళ్లిలో ఉన్నంతకాలం ఒకరి శ్రమ ఫలితం ఇద్దరిదీ అన్నదే ఉమ్మడి ఆస్తి పద్ధతికి పునాది. ఆ ఆదివారాల్లో పిల్లల్ని చూసుకున్నది, ఇంటికి వచ్చినవాళ్లకు వండిపెట్టింది రెండో మనిషి. ఆ పనికి రసీదులు లేవు. కారు కింద గడిపిన గంటలకు విలువ కట్టి వంటింట్లో గడిపిన గంటలకు కట్టకపోతే అది లెక్క కాదు. విడిపోయిన తేదీ తర్వాత సొంత జీతంతో చేయించిన పని మాత్రం వేరు, దానికి తేదీతో సహా రసీదు చూపిస్తే అడిగే హక్కు ఉంది.

ఇద్దరికీ కారు కావాలి, ఇద్దరి దగ్గరా డబ్బు ఉంది, నిపుణుడి మాట ఎవరూ నమ్మడం లేదు అన్నప్పుడు మన పల్లెల్లో అన్నదమ్ముల పంపకాల పద్ధతి పనికొస్తుంది: ఒకరు వాటాలు వేయాలి, ఇంకొకరు ముందు కోరుకోవాలి. ఒకరు ధర రాస్తారు. రెండోవాళ్లు ఆ ధరకు కారైనా తీసుకుంటారు, అందులో సగం డబ్బైనా తీసుకుంటారు. తక్కువ రాస్తే కారు పోతుంది, ఎక్కువ రాస్తే జేబు ఖాళీ అవుతుంది కనుక నిజం రాయక తప్పదు. కానీ ఇది ఇద్దరికీ సమానమైన సమాచారం, సమానమైన డబ్బు ఉన్నప్పుడే. ఆ సగం మొత్తం చేతిలో లేని మనిషికి కోరుకునే హక్కు పేరుకే ఉంటుంది. ఉద్యోగం చేసే వీలు లేని వీసా మీద ఉన్నవాళ్లతో ఈ ఆట ఆడించడం అన్యాయం. వాళ్లకు అంచనాదారు నివేదికే రక్షణ.

ధర కుదిరాక ఒప్పందంలో కారుతో పాటు ఏమేం వెళ్తాయో కూడా రాసుకోవాలి. అసలు చక్రాలు తీసి అటక మీద పెట్టి ఉంటాయి. కారుతో వచ్చిన పనిముట్ల సంచి, రెండో తాళం, షోరూమ్‌లో అద్దానికి అంటించిన ధర కాగితం, సర్వీసు పుస్తకాలు, మార్చకముందు ఉన్న స్టీరింగు ఎక్కడో డబ్బాల్లో ఉంటాయి. పాత పోర్షేలకు అసలు పనిముట్ల సంచికే మంచి గిరాకీ ఉంది. అంచనాదారు వాటన్నిటినీ కారుతో కలిపి ధర కట్టి ఉంటే అవి కారుతో వెళ్లాలి, కలపకుండా కట్టి ఉంటే వాటిని వేరే వరసలో వేరే అంకెతో చూపాలి. కారు చేతులు మారే తేదీ, ఆ రోజు దాకా బీమా ఎవరు కట్టాలి, మీటరు మీద ఎంత ఉందన్నవి ఆ కాగితంలోనే ఉండాలి, ఇద్దరి సంతకాల పైన.